తాత రుకూ

మా తాత మదార్ సాబ్
నలభయ్యో ఏట రుకూలకు వంగిండు.
మళ్ల లేవలే.

మర్రిగూడ బోరు నీళ్లు
ఎముకల నడుమ పోసిన సున్నం అది.
జమాత్ మొత్తం సజ్దాకు పోతే
తాత ప్లాస్టిక్ కుర్చీల కూసొని
కనురెప్పలు దించుతడు.
ఆయన సజ్దా అంతే,
రెండు రెప్పల లోతు.

నాకు పేరు పెట్టింది ఆయనే.
ముస్తకీమ్.
వంకర లేనిది, సీదా ఉన్నది అని అర్థమట.
దోస్తులు ముస్తు అంటరు.
ఫోన్లల్ల అట్లనే ఉంటది నా పేరు, సగం.

జిమ్ముల పెంచిన వీపు నాది.
బండి హ్యాండిల్ మీద తప్ప ఎక్కడా వంగలే.
జుమ్మాకు పోతుంటి, ఆఖరి వరుసల,
చెప్పులు కనబడే జాగల.

నాంపల్లి రోడ్డు మీద నాదొక నీళ్ల ప్లాంటు.
నీలం రేకుల షెడ్డు, మూడు ఫిల్టర్లు, ఒక మెంబ్రేన్.
ఇంటింటికి నల్లా వచ్చినా
ఊరి నోటికి డబ్బా నీళ్లే అలవాటైనయ్.
మొన్న ఎండాకాలం మెంబ్రేన్ మూసుకపోయింది.
కొత్తదానికి చెయ్యి రాలే.
బోరు నీళ్లే నింపిన,
మూత బిగించిన, సీలు వేసిన.
నీళ్లకు రంగు లేదు,
అబద్ధానికి అసలే లేదు.

రంజాన్ల ఒక రాత్రి
సమ్దానీ పంపిన తెలుగు ఖురాన్ తెరిసిన.
సమ్దానీ గడ్డం పెంచిండు, ఫోటో గూడ పెట్టిండు.
నాకు గడ్డం సరిగ రాదు,
చెంప మీద అక్కడక్కడ మొలిచిన జొన్న.
వేలు తోస్తూ పోతున్న, రీల్సు తోసినట్టే.
ఒక్క కాడ ఆగింది.
"కొలతల్లో తగ్గించేవాళ్లకు వినాశం."

ఇది నాకు తెలిసిన సూరానే.
హాఫిజ్ సాబ్ బెత్తం కింద
ఊగుకుంట ఊగుకుంట బట్టీ పట్టింది.
పన్నెండేండ్లు నాలిక మీదుండి
చెవి దాకా రాలే.
ఆ రాత్రి తెలుగుల, మా అమ్మి కేకేసినట్టు,
పూర్తి పేరు పెట్టి పిలిచింది.

నేను లీటర్లు తగ్గియ్యలే గదా అనుకున్న.
డబ్బా నిండుగనే ఇచ్చిన గదా.
సహరీ దాకా ఇదే వాదన, నాతోటి నాకే.

తెల్లారి తండా నుంచి సాల్కీబాయి వచ్చింది.
చంకల పిల్ల నవ్వింది.
ముందటి రెండు పండ్ల మీద గార, తుప్పు రంగు.
"డబ్బా నీళ్లే తాపుతున్నం బిడ్డా,
అయినా గిట్లెందుకు?" అన్నది.
టీడీఎస్ మీటరు నా జేబులనే ఉండె.
పెన్ను లెక్క కనబడతది అది.
చాలామంది పెన్నే అనుకుంటరు.

షట్టర్ దించిన.
బండి అమ్మిన.
అబ్బా మూడు రోజులు మాట్లాడలే,
నాలుగో రోజు మాట్లాడిండు,
మాట్లాడకపోతేనే బాగుండు.
తండాల ఇల్లిల్లు తిరిగి చెప్పిన,
తొమ్మిది వారాలు మీకు బోరు నీళ్లే పోసిన అని.
ఒకాయన చెప్పు తీసిండు.
ఒక ముసలామె చాయ్ పోసింది.
సాల్కీబాయి ఏమీ అనలే,
పిల్లను ఇంకో చంకకు మార్చుకున్నది.
డబ్బా పైసలు వాపసు ఇయ్యొచ్చు.
పండ్లు?

కొత్త మెంబ్రేన్ వచ్చిన్నాడు
మొదటి బిందె తాత వజూకు తెచ్చిన.
చేతులు ఆయన మోకాళ్ల కాన్నే ఆగుతయ్,
నేనే మొఖం కడిగిన, పాదాలు కడిగిన.
అంతా చెప్పిన.
తాత చాలాసేపు నీళ్ల దిక్కు చూసిండు.
"మీటరేదిరా" అన్నడు.
ముంచి చూపిచ్చిన.
అంకెలు చదవరాదు ఆయనకు,
అయినా కండ్లు చిట్లించి చూసిండు,
వాపసు ఇచ్చిండు.

ఫజర్‌కు ఇద్దరమే పోయినం.
సజ్దాల నా నొసలు నేల మీద,
పక్కన కుర్చీ కాళ్లు,
వాటి నడుమ తాత తడి పాదాలు.
నాకు చాతనైన వంగుడు గింతే అని తోచింది,
ఆయన ఆడికెల్లి నలభై ఏండ్లు చూస్తున్నడు.

పేరు ఇంకా వదులుగనే ఉన్నది,
పెద్దన్న అంగీ లెక్క.
మెంబ్రేన్ ఏడాది వస్తదన్నడు దుకాణపాయన.
బోరు మీద ఎండ అప్పుడే పడుతున్నది.