తలకిందుల తొమ్మిది

తబిలీసీ పైన కొండ మీద తాబేళ్ళ చెరువుకి
జనం రోప్‌వేలో వస్తారు.
తలుపులు మాత్రం ట్రక్కులో వచ్చాయి.
నలభై ఒకటి. నేనే లెక్కపెట్టాను.
ఊళ్ళో కూల్చేసిన ఇళ్ళవి.
గోడల్లేవు, గడపల్లేవు,
కింద నల్లటి ప్లాస్టిక్ పీపాలు కట్టి
నీళ్ళ మీద నిలబెట్టారు.

ఇరవై ఒక్క రోజులంతే, అంది తెక్లా,
గోళ్ళ నిండా రంగున్న పిల్ల.
తర్వాత ఏమీ మిగలదు, అదే ఇందులో కళ, అంది.
ఏమీ మిగలకపోవడం నాకు రాని విద్యేం కాదు.
నా హంస పడవలు పదకొండూ
ఒడ్డున ఎండకి రంగు వెలుస్తూ కూర్చున్నాయి.
కళ వచ్చి నా పొట్ట కొట్టింది, అన్నాను ఒతారితో.
మొక్కజొన్న పొత్తు తిప్పుతూ
నాకు గిరాకీ పెరిగింది మరి, అన్నాడు వాడు.

సాయంత్రం గాలి లేస్తే
తలుపులన్నీ ఒక్కసారే పక్కకి తిరిగేవి,
వీధి వీధంతా ఎవరి గొడవో వినడానికి
బయటికొచ్చి నిలబడ్డట్టు.
అది నాకు నచ్చింది. ఎవరికీ చెప్పలేదు.

పదహారో రోజు లామారా వచ్చింది.
ఎండాకాలంలో ఉన్ని టోపీ,
చేతిసంచిలో పచ్చ సోడా సీసా.
ఆరో నంబరెక్కడ బాబూ, అంది.
ఆరు లేదు, తొమ్మిదులే రెండున్నాయన్నాను.
ఒక్క వీధిలో రెండు తొమ్మిదులేమిటని
నన్ను దబాయించింది, వీధి నేనే వేసినట్టు.

హంసలో ఎక్కించుకున్నాను.
ఆమె కాళ్ళు పెడళ్ళకి అందలేదు.
మొదటి తొమ్మిది నీలం. కాదంది.
రెండోది పాచి రంగు. దగ్గరికి పోనిమ్మంది.
పైన, నా తలకన్నా ఎత్తున, పిల్లి గీకిన గీతలు.
అంత పైకి ఏ పిల్లి ఎగురుతుంది?
కింద, నీళ్ళకి జానెడు ఎత్తులో
లోపల్నుంచి చూసే గాజు కన్నం,
బాతులు తొంగిచూడటానికి పెట్టినట్టు.

నా కొంపని తలకిందులు చేశారు,
అని ముందు తిట్టింది, తర్వాత నవ్వింది.
ముప్పై ఏళ్ళు అందులోంచి చూశాను, అంది.
కరెంటు మీటరు వాణ్ణి,
అప్పు అడగొచ్చిన పక్కింటావిణ్ణి,
ఒకసారి మా ఆయన్ని. తలుపు తియ్యలేదు.

పడవ అంచు పట్టుకుని వంగింది.
నేను టోపీ పట్టుకున్నాను.
కన్నానికి కన్ను ఆనించి చాలాసేపు ఉంది.
ఏం కనబడిందన్నాను.
ఇటునుంచి ఏం కనబడదు, అంది.
పాపం, ఆయనకీ కనబడలేదన్నమాట.
ఇంతకాలం నేను ఏడవడం చూసే
వెళ్ళిపోయాడనుకున్నాను.

ఒడ్డుకొచ్చేదాకా సోడా తాగుతూ కూర్చుంది.
అద్దె వద్దన్నాను. ఇచ్చింది, చిల్లర లెక్కపెట్టి మరీ.

తెక్లాకి చెబితే ముఖం పాలిపోయింది.
అప్పటికప్పుడు స్పానర్ పట్టుకొచ్చింది.
బోల్టులు తుప్పుపట్టి రానేలేదు.

ఇరవై రెండోనాడు ట్రక్కు వచ్చింది.
నా హంసలు నీళ్ళలో దిగాయి.
బాతులు మాత్రం ఇప్పటికీ
లేని తలుపుల్ని చుట్టి పోతుంటాయి.
నేనూ అంతే. నడిచెరువులో ఓ చోట
చేయి తనంతట తానే చుక్కాని తిప్పుతుంది.
నిన్న పడవెక్కిన కుర్రాడు అడిగాడు,
అక్కడేం లేదుగా, తిన్నగా పోవచ్చుగా అని.
పోవచ్చు, అన్నాను.
చుట్టూ తిప్పుకునే పోయాను.