చెప్పి చూడు

వాల్పరైసోలో మా ఆఫీసు
రేవుకి ఎదురుగా, రెండో అంతస్తులో.
కొండ మీది ఇళ్ళకి మనుషుల్ని మోసే
నూరేళ్ళ నాటి రైలుపెట్టెలకి
కొత్త బుర్ర పెట్టడం మా పని.
బ్రేకు ఎప్పుడు పడాలి, తలుపు ఎప్పుడు తెరుచుకోవాలి,
తాడు ఎంత బిగిస్తే ఎక్కువ,
అదంతా ఇకమీదట కోడు చూసుకోవాలి.

మిల్లరాయ్ చేరిన రోజుకి
మేం ఏడుగురం, అందరం మగవాళ్ళం,
ఆరుగురం ఒకే కాలేజీ.
ఏడోవాడు ఆ కాలేజీలో సీటు రానందుకు
ఇప్పటికీ సంజాయిషీ ఇచ్చుకుంటూ ఉంటాడు.
ఆమె తెల్లకర్ర మడిచి సంచిలో పెట్టి
"కాఫీ మిషను ఎటు?" అంది.
ఏడు చేతులు ఒక్కసారే లేచి చూపించాయి.
ఒక్క నోరూ పెగల్లేదు.
వాసన పట్టుకుని తనే వెళ్ళింది.

కోడు ఆమె చెవితో చదువుతుంది.
హెడ్‌ఫోన్లో ఆ గొంతు
మూకుడులో ఆవాలు చిటపటలాడినట్టు,
నాకు ఒక్క ముక్క అందదు.
ఎక్కడో ఒక బ్రాకెట్టు మూతపడకపోతే
ఆమె కనుబొమ ఒకటి పైకి లేస్తుంది.
అబ్బ, ఎంత అద్భుతమో అన్నాను ఒకసారి.
"సర్కసుకి టిక్కెట్టు కొన్నావా?" అంది.
ఆ తర్వాత అనడం మానేశాను.

ఆ మంగళవారం తెల్లబోర్డు నిండా నా బొమ్మ.
పదకొండు గళ్ళు, ఇరవై బాణాలు,
ఎరుపూ నీలమూ, కాస్త గర్వమూ.
మా బాసు ఎవరిస్తో తలూపాడు. అందరూ తలూపారు.
తలూపుడు వినబడదు కదా,
మిల్లరాయ్ కుర్చీ నా వైపు తిప్పింది.
"చెప్పి చూడు."
"బొమ్మే కదా, తర్వాత ఫైలు పంపిస్తా..."
"ఫైల్లోనూ బొమ్మే ఉంటుంది. చెప్పి చూడు."

విసుగ్గానే మొదలెట్టాను, దాచడం ఎందుకు.
పెట్టె కింద ఉంది. తలుపు మూసుకుంటుంది.
మూసుకున్నాక తాడు బిగుస్తుంది.
బిగిశాక పెట్టె కదులుతుంది.
మధ్యలో కరెంటు పోతే
బ్రేకు పడుతుంది.
"పడ్డాక?"
పడ్డాక...
నా వేలు బాణం వెంట వెళ్ళింది.
బాణం చక్కగా వంపు తిరిగి
బోర్డు అంచు చెక్క దగ్గర ఆగింది.
అవతల గడి లేదు.
కరెంటు తిరిగొచ్చాక
ఎక్కాలో దిగాలో ఆ పెట్టెకి ఎవరూ చెప్పలేదు.
కొండ నడిమధ్య, కూరగాయల సంచులతో
ఎవరో ఒక ముసలామె నిలబడి ఉంది
నా బాణం చివర.
మూడు వారాలుగా పద్నాలుగు కళ్ళ ముందే ఉంది.

అప్పట్నించీ మా గదిలో రూలు:
ఏది గీసినా పైకి చెప్పాలి.
పెద్ద పెద్ద అక్షరాల్లో గోడకి అంటించాం.
దాన్ని ఆమె ఎలా చదువుతుందని
వారం దాకా ఎవరికీ తట్టలేదు.

జూన్‌లో ఒక వానరోజు
ఇంటర్వ్యూకి ఒక కుర్రాడు వచ్చాడు,
చిలోయే దీవి నుంచి, పేరు నిబాల్డో.
చకచకా గీశాడు, మాకు తప్పు కనబడలేదు.
ఎవరిస్తో మురిపెంగా గోడకేసి చూపించి
"చెప్పి చూడు" అన్నాడు.
కుర్రాడు నోరు తెరిచాడు.
మొదటి అక్షరం దగ్గరే మాట ఇరుక్కుంది.
బ్... బ్... బ్...
మెడ నరం ఉబ్బింది. వాన పెద్దగా వినబడింది.
మేం బూట్లు చూసుకున్నాం.
ఒకడు జాలిపడి మాట అందించబోతే
మిల్లరాయ్ చెయ్యెత్తి ఆపింది.
"ఆ రూలు నా కొలతలకి కుట్టించుకున్నది," అంది.
"అందరికీ పడుతుందనుకున్నాను."
తన కీబోర్డు అతని ముందుకి తోసింది.
"టైపు చేసి చూడు."

హెడ్‌ఫోను తీగ పీకేసింది.
ఆ ఆవాల గొంతు మొదటిసారి
గది గదంతా చిటపటలాడింది.
మేం ఏడుగురం తెల్లమొహాలు వేసుకుని కూర్చున్నాం.
ఒకచోట ఆమె కనుబొమ లేచింది.
"ఇక్కడ తప్పు."
అతను తల అడ్డంగా ఊపాడు,
ఊపితే ఆమెకి చేరదని గుర్తొచ్చి
"కా... కాదు," అన్నాడు,
"మళ్ళీ... విని చూడండి."

విని చూసింది.