ఏటుందిలే

గంటస్తంభం దగ్గర మిఠాయి కొట్టు పైన
మా ఆఫీసు. మెట్లెక్కుతుంటే నెయ్యి వాసన.
లోపల పద్నాలుగు కంప్యూటర్లు, ఒక్కటే కిటికీ.

ఎవరెవరో ఫోనుల్లో రాసుకున్న మాటలు
పేర్లు చెరిపేసి మా ముందుకొస్తాయి.
ఒక్కోదానికి ఇరవై సెకన్లు, నలభై పైసలు.
మనసు బాగుంటే ఆకుపచ్చ,
నలతగా ఉంటే పసుపు,
ప్రమాదమైతే ఎరుపు.
మేం నొక్కింది చూసి యంత్రం నేర్చుకుంటుంది.
ముందు తనే ఒకటి చెప్పి
అవునా? అని అడుగుతుంది, బడిపిల్లలా.

"నవ్వలేక సచ్చిపోనాన్రా బావా"
ఎరుపు, అంది.
కాదమ్మా, అది పెళ్ళి వీడియో కింద మాట.
"బెంగెట్టుకున్నాది బుడ్డది, అన్నం ముట్టట్లేదు"
ఆందోళనా, విచారమా? అని రెండు గళ్ళు చూపించింది.
బెంగంటే బెంగే. మూడో గడి లేదు.

"ఏటుందిలే, బాగానే ఉన్నాం"
ఆకుపచ్చ, అంది, తడుముకోకుండా.
నా వేలు ఆగిపోయింది.
జూట్ మిల్లు గేటుకి తాళం పడ్డ ఏడాది
మా నాన్న ఎవరడిగినా అదే మాట.
ఆ మాట అంటున్నంతసేపూ
చొక్కా పై గుండీ పెట్టుకునేవాడు, విప్పుకునేవాడు.
గుండీ సంగతి యంత్రానికెలా చెప్పడం?
పసుపు నొక్కేను.
మిగతా ఇద్దరూ ఆకుపచ్చ నొక్కేరట.
ఏకాభిప్రాయం లేదని నా నలభై పైసలు కోసేసేరు.

మంగళవారం, భోజనాలయ్యేక, ఇది వచ్చింది:
"పావురాలు పదకొండు. గూడుతో సహా ఊరికే ఇచ్చేస్తాను.
గింజల డబ్బా కూడా. తోటపాలెం వచ్చి పట్టుకెళ్ళండి."
అమ్మకం ప్రకటన, ఆకుపచ్చ, అంది యంత్రం.
పేరు చెరిపేరు గాని
పేట చెరపడం మర్చిపోయేరు.
పావురాలు పెంచినవాడు
గింజల డబ్బా కూడా ఇచ్చేస్తాడా?
పద్దెనిమిది, పందొమ్మిది.
ఎరుపు నొక్కేను.
అప్పుడు చూసేను తేదీ. ఏడు నెలల కిందటిది.

ఎవర్నీ వెతకనని సంతకం పెట్టి చేరిన ఉద్యోగం.
అయిదున్నరకి తోటపాలెంలో
మేడల మీదికి చూస్తూ నడుస్తున్నాను,
తెగిన గాలిపటం కోసం తిరిగేవాళ్ళలా.

టీ కొట్టు గౌరీశుని అడిగేను.
"పావురాలాయనా? ఎప్పుడో ఇచ్చీసేడు కదమ్మా,
కొత్తవలసోళ్ళెవరో ఆటోలో అట్టుకెళ్ళిపోనారు.
మూడు మాత్రం తిరిగొచ్చీసినాయి.
ఏటి సేస్తాడు, మళ్ళీ నూకలు కొంటన్నాడు."

ఆయనెలా ఉన్నారు? అన్నాను.
గ్లాసు కడుగుతూ, తలెత్తకుండా,
"ఏటుందిలే" అన్నాడు, "బాగానే ఉన్నాడు."

గ్లాసు అప్పటికే శుభ్రంగా ఉంది.
ఇంకా కడుగుతూనే ఉన్నాడు.