నలభై రెండో ప్రశ్న తర్వాత

విశాఖపట్నం ఆఫీసు నుంచి ఫారం వచ్చింది.
నలభై రెండు ప్రశ్నలు.
"సుస్థిర సరఫరాదారు" అని పైన ఆకుపచ్చ అక్షరాలు;
మా గుణుపురం జిరాక్సులో అవి బూడిదరంగుకు దిగాయి.

విస్తరాకుల కంపెనీలో కొనుగోలు గుమస్తాని.
అడ్డాకు మీద చెయ్యి వేస్తే చెప్పగలను
ఏ నెలలో కోశారో, ఎన్నాళ్లు నీడన ఆరిందో,
ఎండకు పెట్టి, నీళ్లు చల్లి మెత్తబరిచారో.
ఆ సంగతి అడిగే ప్రశ్న నలభై రెండింట్లో లేదు.

ముందు లోకనాథం గారి గోదాం.
పర్యావరణ విధానం ఉందా? ఉంది.
లామినేషన్ చేయించి, లక్ష్మీదేవి పటం పక్కన,
తేదీతో సహా, ఇంగ్లీషులో.
"చదవండి బాబూ" అన్నాడు. తనెప్పుడూ చదవలేదట.
మంటలార్పే ఎర్ర సిలిండరు ఉంది,
దాని మీద తువ్వాలు ఆరుతోంది.
ఆకు ఎక్కణ్ణుంచి వస్తుందంటే
"లారీలోంచి" అన్నాడు, అబద్ధమాడకుండా.
వందకి ఎనభై ఆరు.

తర్వాత వంశధార దాటి, జీపు ఆగినచోట దిగి
రెండు గంటలు ఎక్కితే సవరల ఊరు.
సలోమి రైతా, ఆమెతో పదకొండుమంది ఆడవాళ్లు.
విధానం రాసి ఉందా?
నన్ను వాలుకు తీసుకెళ్లి తీగ వంచి చూపించింది.
కొసన మూడాకులు. ఏ తీగకైనా మూడాకులు.
"ఇయి కొయ్యం" అంది సంత తెలుగులో.
ఎక్కడ రాసుకున్నారమ్మా అంటే నవ్వింది.
"తీగ మీదే ఉంది గదా. సదువుకో."

అవును, కాదు గళ్లలో ఆ జవాబుకి చోటు లేదు.
తూకానికి ధ్రువపత్రం? లేదు.
ఫిర్యాదుల పెట్టె?
కోపమొస్తే కొండంతా వినపడేలా తిడతామన్నారు.
ముప్పై ఒకటి.

ఊళ్లోకి తిరిగొస్తుంటే ఇంకో వాలు.
తీగలన్నీ మొదలంటా నరికి ఉన్నాయి,
ఎండిన పేగుల్లా చెట్లకి వేలాడుతూ.
నాలో గుమస్తా సంబరపడ్డాడు, దొరికారు.
పెన్ను తీశాను. "ఇది ఎవరి పని?"

"నీదే" అంది సలోమి.

రెండేళ్ల కిందటి మాఘం. పెళ్లి ముహూర్తాలు.
లక్ష విస్తర్లు, తొమ్మిది రోజులు.
సిగ్నల్ దొరికే బండ మీద
నా ఫోను కోసం ఒక పిల్లని కాపలా పెట్టారట.
"ఎలాగైనా" అన్న మాట నాదే, ఆ గొంతు నాదే.
ఆకు ఆకూ కోస్తే అందదు;
తీగ పడగొట్టి, కూర్చుని దూస్తే అందుతుంది.
అందింది.
మేనేజరు మెచ్చి నాకో గోడగడియారం ఇచ్చాడు.
ఇప్పటికీ నిమిషం తప్పకుండా నడుస్తోంది.

మళ్లీ చెట్టెక్కడానికి ఎన్నాళ్లు పడుతుంది?
"మూడు వానలు. నాలుగేమో."
ఫారం అడుగున ఉంది: చెల్లుబాటు ఒక్క సంవత్సరం.

సంతకానికి కాగితం ఇస్తే
అటూ ఇటూ తిప్పింది.
"మాకు నువ్వేశావు మార్కులు.
నీకు మేం ఎక్కడెయ్యాలి?"
వెనకవైపు ఖాళీ.
అందరూ చుట్టూ చేరారు,
సవరలో చాలాసేపు వాదించుకున్నారు,
మధ్యలో నా చెప్పుల్ని చూసి ఎందుకో నవ్వారు.
తొందరపెట్టినందుకు సున్నా.
డబ్బు నెల తిరక్కుండా ఇచ్చినందుకు నాలుగు.
ఇంత కొండ ఎక్కొచ్చినందుకు ఒకటి.
ఒకావిడ ఒప్పుకోకపోతే దాన్ని అర చేశారు.

రెండు వైపులా స్కాన్ చేసి పంపాను.
రాత్రి మేనేజరు ఫోను:
"వెనక పేజీ పొరపాటున వచ్చినట్టుంది, తీసేస్తున్నా."
గోడ మీద తొమ్మిది కొట్టింది.
"తియ్యకండి సార్" అన్నాను.
అటునుంచి కాసేపు ఏమీ లేదు.
తర్వాత, మామూలు గొంతుతో,
"వచ్చే మాఘానికి లక్షా ఇరవై వేలు" అన్నాడు.

"ఎన్ని రోజులిస్తారు?"
ఇన్నేళ్లలో మొదటిసారి
ఆ మాట ముందు నేనడిగాను.