కారిన నీళ్ళ లెక్క

జూన్ నెల. పటకమాయా దాటాక మట్టిరోడ్డు.
దోన్యా ఎవరిస్తా చోకె
పొడిగడ్డి మీద బంగాళాదుంపలు ఆరబోసింది,
ఒకదానికొకటి తగలకుండా.
లా పాస్ నుంచి నేను మోసుకొచ్చిన థర్మామీటర్ని
ఓసారి చూసి
"చుక్కలు గట్టిగా ఉంటే చాలు" అంది.

నా పని చిన్నది.
ఆకుల్లోంచి చొక్కా గుండీలంత బిళ్ళలు కోయడం,
మంచుపెట్టెలో పెట్టడం, తీసి మంచినీళ్ళలో వేయడం,
ఆ నీళ్ళలోకి ఎంత ఉప్పు కారిందో
మీటరులో చూసి రాయడం.
ఎంత కారితే పొర అంత చెడినట్టు.
తొమ్మిదేళ్ళుగా నా నోటుపుస్తకంలో
ఆ గడి పేరు నష్టం.

"పొర అంటే? తొక్కా?"
కోకా ఆకు టీ పోస్తూ అడిగింది.
కాదు. లోపల, కంటికి ఆనని ప్రతి గదికీ ఒకటి.
గోడ అనుకునేవు, గోడ దాని బయట ఉంటుంది.
ఇది నూనె.
రెండు వరసల నూనె.
తలలు నీళ్ళ వైపు, తోకలు లోపలికి.
ఎవరూ నిలబెట్టలేదు వాటిని;
తోకలకి నీళ్ళంటే పడదు,
ఆ పడకపోవడమే కాపురమైంది.

సంతకెళ్ళే లారీ గుర్తు తెచ్చుకో, అన్నాను.
అందరూ కాళ్ళు బారజాపి కూర్చుంటే
చలికి కట్టెలమోపులా బిగుసుకుపోతారు.
నడుమ నడుమ ఒకరు మోకాలు మడిస్తే
సందు మిగులుతుంది,
లారీ కుదిపినప్పుడు అందరూ కాస్త కదులుతారు.
చలి ముదిరేకొద్దీ మొక్క
తన నూనెల మోకాళ్ళు మడుస్తుంది.

"మరి ఇద్దరి మధ్యా ఇరుక్కునే లావుపాటావిడ?"

ఉంది. స్టెరాల్ అంటాం.
ఎండకి జారిపోనివ్వదు, చలికి బిగిసిపోనివ్వదు.
పై వరసలో పొడుగు తోకలవాళ్ళు ఆమె చుట్టూ చేరి
చక్కెర టోపీలు పెట్టుకుని గుంపు కడతారు,
తిరనాళ్ళలో ఒక ఊరివాళ్ళు ఒకచోట నిలబడ్డట్టు.
కింది వరసలో జనం వేరు.

ఆమె తన నల్లటోపీ సర్దుకుంది.
కుప్పలోంచి చేదుదుంప ఒకటి తీసింది. లూకి.
"దీని ఆకు మంచు పడ్డా పొద్దున్నే పచ్చగా లేస్తుంది.
మోకాళ్ళు మడిచే రకమన్నమాట."
మూడేళ్ళు వెనకాడి
చివరికి నేను ప్రశ్నార్థకంతో రాసిన వాక్యం అది.

రాత్రి చుక్కలు గట్టిగానే ఉన్నాయి.
నాకు నిద్ర లేదు.
దుంపల్లో మంచు ముందు గదుల బయట పుడుతుంది.
పుట్టి, లోపలి నీళ్ళని బయటికి లాగుతుంది.
గది ముడుచుకుంటుంది. పొర మడతలు పడుతుంది.
నీళ్ళు ఇన్నాళ్ళూ దూరంగా ఉంచిన రెండు పొరలు
మరీ దగ్గరై, అతుక్కుని,
ఏ వరస ఎవరిదో మరిచిపోతాయి.
ఆకు నేర్చిన విద్య
దుంప దాకా రాలేదు.

ఎండెక్కింది. దుంపలు మెత్తబడ్డాయి.
ఎవరిస్తా, ఆమె తోడికోడలు బాసిలియా,
పావడాలు ఎగదోపి, వట్టి పాదాలతో
తొక్కడం మొదలెట్టారు.
గోధుమరంగు నీళ్ళు, నురగ,
చేదంతా మడమల కిందనుంచి గడ్డిలోకి.

"దీన్ని మీ పుస్తకంలో ఏమంటారు?"
నష్టం, అన్నాను.
ఆమె నవ్వలేదు. తొక్కుతూనే ఉంది.
"ఇది కారితేనే చూన్యో.
మా పెద్దమ్మాయి పుట్టిన ఏడు తొక్కింది
ఇంకా ఓ సంచెడు ఉంది.
దానికిప్పుడు పన్నెండేళ్ళు."

బూట్లు విప్పాను.
ఆ చల్లదనం పిక్కల దాకా పాకింది.
ఆమె పాదం దిగిన గుంటలో నీళ్ళు నిలిస్తే
మీటరు కొన అందులో ముంచాను.
అంకె ఎక్కింది, ఇంకా ఎక్కింది,
ఆగి, వరసగా అడ్డగీతలు చూపించింది.

"ఎంత?"
దీనికి అందనంత.
"అయితే ఇంకో రెండు రాత్రులు చాలు" అని
గడ్డి మీద దుంపలు
మళ్ళీ విడివిడిగా పరిచింది.