కాకిబంగారం

నెల్లూరు ట్రంకురోడ్డు పక్కన
మా రిపేరు బంకులో స్టూలెక్కి కూర్చుని
కాళ్ళూపుతా అడిగింది పాప:
"గ్లిట్టర్‌ని తెలుగులో ఏమంటారు నాయనా?
రేపు బళ్ళో చెప్పాల."

స్క్రూడ్రైవరు పక్కన పెట్టా.

తళుకు ఉండాది. బెళుకు చెయ్యి పట్టుకొని తిరుగుతాది.
విడిగా బెళుకు ఎవరింట్లో కాపరముంటాదో నేనెరగను.
జిగి ఉండాది, కొత్త చీరకి మొదటి ఉతుకు దాకా.
చమ్కీ ఉండాది.
కోటమిట్టలో మస్తాన్‌బీ
రవికె చేతులకు అది కుట్టీ కుట్టీ
నలభై ఏళ్ళకే కళ్ళద్దాలు తెచ్చుకునింది.
"చమక్ అంటే మెరుపు నాయనా,
వాన గ్యారంటీ లేదు" అని నవ్వేది.

ఫ్యాను తీసకపోను వచ్చిన పాత అయ్యవారు
"అభ్రకం అని రాసుకోమ్మా" అన్నాడు,
"అభ్రమంటే మబ్బు."
పాప తలెత్తి చూసింది. సూర్యుడు తప్ప ఏం లేదక్కడ.

మా జేజి వెంగమ్మకి
ఇన్ని మాటలు తెలవవు.
సైదాపురం గని పక్కన, రేకుల షెడ్డులో
గొంతుక్కూచుని
పలకల్ని కత్తిమొనతో పొరలు పొరలు విప్పేది,
ఉల్లిగడ్డ మాదిరే. కన్నీళ్ళొక్కటే తక్కువ.
దాన్ని కాకిబంగారం అనేది.

"కాకిది ఎందుకయింది జేజే?"
"తప్పు లెక్క కాకిలెక్క, ఉత్త అరుపు కాకిగోల.
పనికిరాందంతా దాని నెత్తినే రుద్దినారు గదరా.
పాపం, అది మనల్ని ఎప్పుడన్నా ఏమన్నా అనిందా?"
అని గోడ మీద నాలుగు మెతుకులు పెట్టేది.

పొద్దుగూకితే గేటు కాడ
మేస్త్రీ కొంగులు దులిపించేవాడు.
కొంగులోది రాలేది.
జుట్టులోది, కనుబొమల్లోది
ఏం చేసినా రాలేది కాదు.
కరెంటు లేని మా పాలెంలో
బుడ్డిదీపం పట్టుకొని నేను ఎదురు పోతే
చీకట్లో ముందు తల మెరిసేది,
తర్వాత దగ్గు వినపడేది,
ఆ తర్వాతే జేజి.

"ఇదంతా యాడికి పోతాదిమే?"
పక్కింటామె ఒకసారి అడిగింది.
"దొరసానుల గాజులకేమో" అనింది జేజి.
పోయిందాకా అట్లే అనుకునింది.

ఇదిగో, ఈ ఇస్త్రీపెట్టె అడుగు విప్పితే
తీగ చుట్టిన పలక.
అంచులు మాడినాయి, నడిమధ్య మెరస్తానే ఉండాది.
ఎంత కాగినా ఓర్చుకుంటాది,
కరెంటుని అవతలికి పోనియ్యదు.
అందుకే బతికున్నాం నేనూ, నా గిరాకీలూ.
ఆమె విప్పిన పొరే అని చెప్పను.
ఎవరో ఒక జేజి విప్పిందే.

పాప వేలు పెట్టి చూసింది.
అంటుకున్నదాన్ని నోటుబుక్కులో
'గ్లిట్టర్' ఎదురుగా, గీత పక్కన తుడిచింది.
"మాట ఏం రాయను?" అంటే
"ఇంకా ఆలోచిస్తా ఉండా" అన్నా.

సాయంత్రానికి పెట్టె కావాలంట లాండ్రీ వాళ్ళకి.
పలక మార్చాల. అరవై రూపాయలు.