కారణం గడి

మూడు విమానాలు మాకు.
మూడూ పంకాలవే.
మధురపూడి కంట్రోల్ గదిలో తెల్లబోర్డు మీద
వాటికి నీలం, ఎరుపు, పచ్చ అయస్కాంతం బిళ్ళలు.
ఎనిమిదేళ్ళుగా నా వేళ్ళతోనే అవి కదిలాయి,
అర్ధరాత్రుళ్ళు కూడా.

నాలుగోది వస్తోందట, ఇక బిళ్ళలు చాలవట.
సాఫ్ట్‌వేర్ కొందాం, చూసేది నువ్వే సత్యవేణీ అన్నారు పెద్దాయన.
సంతలో గేదెకి చూసినట్టు
పళ్ళు లెక్కపెట్టి మరీ చూడమన్నారు.

మొదటాయన బెంగళూరు నుంచి వచ్చాడు.
తెర నిండా పచ్చగీతలు,
సార్వా నాట్లయ్యాక ఆలమూరు చేలలా.
ఒక్క గీతా వంకరపోదు.
ఇది ఏ రోజండీ అని అడిగాను.
నమూనా రోజన్నాడు.
అలాంటి రోజు మాకింకా రాలేదండి,
అని నా రోజు ఒకటి ఇచ్చాను
లాగ్‌బుక్కులోంచి, టీ మరకతో సహా.

డిసెంబరు పంతొమ్మిది.
నాలుగింటికే గోదావరి మంచు వచ్చి రన్‌వే మీద పడుకుంది.
ఆరింటికి చూపు రెండొందల మీటర్లు,
ఏడింటికి నూట యాభై.
నీలం హైదరాబాదులోనే ఆగింది.
ఎరుపు సగం దారి వచ్చి విశాఖ పోయింది.
పచ్చ ఇక్కడే ఉంది, కెప్టెన్ ఉన్నాడు,
కో-పైలట్ లేదు.
ఆ అమ్మాయి రావులపాలెం వంతెన మీద
బోల్తా పడ్డ అరటిగెలల లారీ వెనకాల
కారులో కూర్చుని నాకు ఫోను చేస్తోంది.
పది నలభైకి మంచు విడిచింది.
పది నలభై అయిదుకి కొంగలు దిగాయి,
పక్క చేలో దమ్ము చేస్తున్నారు మరి.

తెరంతా ఎర్రబడి అక్కడే నిలబడిపోయింది.
మీ డేటా శుభ్రంగా లేదన్నాడాయన.
అవునండి, ఆ రోజు కూడా లేదు.

రెండోది హైదరాబాదు వాళ్ళది. మహా చురుకు.
నాలుగు సెకన్లలో పచ్చని రద్దు చేసి
అరవై రెండు మందిని రేపట్లోకి తోసేసింది.
నష్టం అన్నిటికన్నా తక్కువట.
చెన్నైలో పచ్చ కోసం భీమవరం రొయ్యపిల్లలు చూస్తున్నాయమ్మా,
సంచుల్లో ఊపిరి పద్దెనిమిది గంటలే, అన్నాను.
సరుకు కింద లెక్క వేసిందండీ అందామె.
నిజమే, సరుకే.

ఆ రోజు మా అబ్బులు బావమరిది
మోటార్ సైకిలు మీద గెలల సందుల్లోంచి
ఆ అమ్మాయిని దాటించి తెచ్చాడు.
యూనిఫాం మీద అరటి జిగురు ఇంకా పోలేదు.
ఇది నొక్కడానికి మీట్ట ఏదీ అని
నేనేం అడగలేదు. అడిగితే నవ్వుతారు.

మూడోది కాకినాడ కుర్రాడు తెచ్చాడు.
పేరు ప్రశాంత్ జోయెల్.
తెర ఖాకీ రంగు, చూడ్డానికి బాగోదు,
మెల్లగా కదులుతుంది, ధర కూడా ఎక్కువే.
నా రోజుని అదీ విప్పలేకపోయింది.
కానీ ఆగిన చోట ఒక గడి తెరిచింది:
కారణం.
మిగతా ఇద్దరి దగ్గరా అక్కడ అంకెల జాబితా ఉండేది,
ఏదో ఒకటి ఏరుకోవాలి.
ఎంత రాయొచ్చు అన్నాను.
మీ ఇష్టమండి.
తెలుగులో?
ఆయ్, రాసుకోండి.

మా తాత ధవళేశ్వరం లాకుల దగ్గర లస్కరు.
ఆయన రిజిస్టరు మా అటక మీద ఉండేది.
"గేటు అడుగున్నర ఎత్తితిని.
కారణము: ఎగువన వాన అని పడవ మల్లయ్య చెప్పినాడు."
సూపరింటెండెంటు దాని కింద సంతకం పెట్టాడు.
మల్లయ్య మాటకి సంతకం!

పెద్దాయనకి నచ్చలేదు.
కారణాలు రాస్తే టికెట్లు అమ్ముడవుతాయా అన్నారు.
అవవండి, అన్నాను.
రెండో దానికి డబ్బు తక్కువ,
నేను తప్పు చేశానేమో కూడా తెలీదు.
రెండు వారాలు నానబెట్టి సంతకం పెట్టారు.

నిన్న మొదటి రాత్రి డ్యూటీ.
బోర్డు తీసేశారు, గోడ మీద దాని మేర తెల్లగా ఉంది.
బిళ్ళలు కంప్యూటరు పెట్టె పక్కకి అంటించాను, ఊరికే.
ఆరూ పదికి ఎరుపు ఆగింది.
గడి తెరుచుకుంది, చుక్క మినుకుమంటోంది.
టైపు చేశాను:
కొంగలు. ఇంకా లేవలేదు.
అబ్బులు డబ్బా పట్టుకుని వెళ్ళాడు తోలడానికి.